పదహారు గోల్స్ తేడా ఎక్కడ పుట్టింది?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. 2022 అక్టోబరులో మన దేశంలోనే జరిగిన ఫిఫా అండర్-17 మహిళల ప్రపంచకప్‌లో భారత అమ్మాయిలు మూడు మ్యాచ్‌లలో పదహారు గోల్స్ సమర్పించుకుని, ఒక్కటంటే ఒక్కటి కూడా చేయలేకపోయారు. ఎదుటి జట్లవాళ్లదీ అదే వయసు, మన కోచ్ పేరున్న మనిషి, నెలల తరబడి శిబిరం నడిచింది, అయినా అంత అంతరం ఎందుకన్నది మొదటి ముక్క. 2025 అక్టోబరులో అదే వయసు జట్టు ఆసియా కప్‌కు సొంత బలంతో అర్హత సాధించింది కదా, ఈ మధ్యలో ఏం మారిందన్నది రెండోది. ఇరవై ఏళ్లకు పైగా అమ్మాయిలకు ఫుట్‌బాల్ నేర్పుతున్న వ్యక్తిగా, ఈ రెండింటికీ మూలం ఒక్కటేనని నా అభిప్రాయం. ఆ అంతరం పదిహేడో ఏట పుట్టలేదు. తొమ్మిదో ఏటికీ పద్నాలుగో ఏటికీ మధ్య మన పిల్లలు ఆడకుండా పోయిన మ్యాచ్‌లలో పుట్టింది. కోచ్ తప్పిదాలు, ఎంపికలో లోపాలు, శరీర దారుఢ్యం, ఇవన్నీ ఉన్నాయి కానీ వాటి వాటా చిన్నది.

ముందు ఆ మూడు మ్యాచ్‌లను కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే తుది స్కోరు మాత్రమే చూసేవారికి మూడూ ఒకేలాంటి ఓటములుగా కనబడతాయి. భువనేశ్వర్‌లోని కళింగ స్టేడియంలో అక్టోబరు 11న అమెరికా చేతిలో 0-8, 14న మొరాకో చేతిలో 0-3, 17న బ్రెజిల్ చేతిలో 0-5. అమెరికాతో మ్యాచ్‌లో విరామానికే 0-5 అయిపోయింది. అక్కడ జరిగినది ఏమిటంటే, మన డిఫెండర్ కాలికి బంతి వచ్చాక తలెత్తి చుట్టూ చూసేది. ఆ చూపు ముగిసేలోపే ఇద్దరు మీద పడేవారు. బంతి తన దగ్గరకు రాకముందే భుజాల మీదుగా రెండుసార్లు వెనక్కి చూసి, ఎవరు ఎక్కడున్నారో మనసులో పెట్టుకోవడం ఎదుటివాళ్లకు ఊపిరి తీసుకున్నంత సహజంగా ఉంది. పరుగులో మనవాళ్లు అంతగా వెనకబడలేదు, వెనకబడింది ఆ అర సెకనులోనే. (ఆ రోజు అమెరికా కెప్టెన్ మియా భుటా భారతీయ మూలాలున్న అమ్మాయి, గోల్ చేసినవాళ్లలో ఆమె కూడా ఉంది. కాబట్టి మన శరీరాలు ఈ ఆటకు పనికిరావన్న పాత వాదాన్ని దయచేసి ఇక్కడికి తేకండి.)

నా దృష్టిలో ఎక్కువ నేర్పేది మొరాకో మ్యాచ్. ఈ ప్రపంచకప్‌లో మొరాకో ఆడటం అదే మొదటిసారి; అయితే వాళ్లకు ఆ చోటు ఊరికే దక్కలేదు, ఆఫ్రికా అర్హత పోటీల చివరి దశలో ఘనాను పెనాల్టీలలో దాటి వచ్చారు. విరామం దాకా స్కోరు 0-0. ఆ నలభై ఐదు నిమిషాలు మన అమ్మాయిలు చక్కగా వరుస కట్టి నిలిచారు, శిబిరంలో నేర్పిన అమరిక చెదరలేదు. 50వ నిమిషంలో పెనాల్టీ రూపంలో మొదటి గోల్ పడింది. అక్కడి నుంచి ఆట మారిపోయింది. వెనకబడ్డాక ఏం చేయాలి, ఎప్పుడు ముందుకు కదలాలి, ఎప్పుడు ఓపిక పట్టాలి, అలసిన కాళ్లతో ఏ పాస్ సురక్షితం అన్నవి శిబిరంలో గీసి చూపించే విషయాలు కావు. ఓడిపోతున్న మ్యాచ్‌లను లాక్కొచ్చిన అనుభవం ఉన్నవారికి మాత్రమే తెలిసేవి. మొరాకోకు ఆ అనుభవం అర్హత పోటీలలోనే దొరికింది. మనకు ఆతిథ్యం వల్ల నేరుగా చోటు దక్కింది కాబట్టి, ఓడితే ఇంటికి పోతామన్న ఒత్తిడిలో ఆడిన మ్యాచ్ ఆ జట్టుకు ఒక్కటీ లేదు. బ్రెజిల్‌తోనూ ఇదే కథ: విరామానికి 0-2, తరువాత మూడు గోల్స్, అందులో రెండు ఆఖరి నిమిషాలలో పడ్డవే.

ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మనమీద ఎనిమిది గోల్స్ చేసిన అమెరికా ఆ తరువాత బ్రెజిల్‌తో 1-1 దగ్గర ఆగింది, క్వార్టర్ ఫైనల్‌లో నైజీరియాతో 1-1గా ముగించి పెనాల్టీలలో ఇంటిదారి పట్టింది. బ్రెజిల్‌ను జర్మనీ క్వార్టర్స్‌లోనే ఓడించింది. అంటే మన గ్రూపులోంచి పైకి వెళ్లిన రెండు జట్లూ సెమీస్ చూడలేదు. ఆ స్థాయిలో మంచి జట్ల మధ్య తేడా ఒక గోల్, రెండు గోల్స్. ఎనిమిది గోల్స్ తేడా వచ్చిందంటే ఆ రెండు జట్లూ ఒకే ఆటకు తయారై రాలేదని అర్థం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అమెరికాలోనో, స్పెయిన్‌లోనో పన్నెండేళ్ల అమ్మాయి ఒక క్లబ్‌లో చేరితే, ఏడాదిలో ఎనిమిది తొమ్మిది నెలలు వారానికొక లీగ్ మ్యాచ్ ఆడుతుంది. లెక్క వేస్తే ముప్పైకి తగ్గదు. ఐరోపా దేశాలు కొన్నింటిలో ఆ వయసులో అబ్బాయిలతో కలిసి ఒకే జట్టులో ఆడనిస్తారు, కాబట్టి బాగా ఆడే పిల్లకు తనకన్నా వేగంగా ఉండే ప్రత్యర్థి ప్రతి వారం ఎదురవుతాడు. పదహారో ఏడు వచ్చేసరికి ఆ అమ్మాయి కొన్ని వందల మ్యాచ్‌లు ఆడి ఉంటుంది, వాటిలో సగం ఓడిపోయి ఉంటుంది. నేను ముందు చెప్పిన భుజం మీదుగా చూసే అలవాటు ఆ వందల మ్యాచ్‌లలో ఎవరూ చెప్పకుండానే వస్తుంది.

మన దగ్గర అమ్మాయిల ఫుట్‌బాల్ చాలాకాలం పోటీ రూపంలో కాక, ఎంపిక రూపంలో నడిచింది. జిల్లా స్థాయిలో రెండు రోజుల ట్రయల్స్, రాష్ట్ర జట్టుకు పదిహేను రోజుల శిబిరం, జాతీయ పోటీలలో గ్రూపు దశలో మూడో నాలుగో మ్యాచ్‌లు; ఓడిపోతే ఆ ఏడాదికి అంతే. నా దగ్గర నేర్చుకున్న ఒక పిల్ల రాష్ట్ర జట్టుకు ఎంపికై, అందరి చేత శభాష్ అనిపించుకున్న ఏడాదిలో ఆడిన అసలైన పోటీ మ్యాచ్‌లు రెండు చేతుల వేళ్లకు మించలేదు. ఆ ఏడాది మైదానంలో కంటే రైళ్లలోనే ఎక్కువ గంటలు గడిపిందని ఆమె తండ్రి నవ్వుతూ అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ పిల్ల బంతిని ఆపే తీరు, తన్నే తీరు ఏ దేశపు పిల్లకూ తీసిపోదు. ఆమెకు లేనిది ఆడి ఆడి వచ్చే తెలివి.

ఇలాంటి పిల్లలను దేశం నలుమూలల నుంచి ఏరి తెచ్చి, ఏడాది పాటు శిబిరంలో పెడితే దారుఢ్యం పెరుగుతుంది, తిండి బాగుపడుతుంది, అమరిక కుదురుతుంది. ఇవి తీసిపారేయవలసిన లాభాలు కావు. కానీ శిబిరంలో రోజూ ఎదురయ్యే ప్రత్యర్థి తన జట్టులోని రెండో పదకొండు మందే. ఆ అమ్మాయి ఎటు తిరుగుతుందో, ఏ కాలితో తంతుందో నెల తిరిగేసరికి కంఠతా వస్తుంది. 2022 జట్టును ఇటలీ, నార్వే, స్పెయిన్ దేశాలకు తీసుకువెళ్లారు. జూన్‌లో ఇటలీ జట్టు చేతిలో 0-7 ఓటమి ఎదురైంది. అప్పటికి ప్రపంచకప్ నాలుగు నెలల దూరంలో ఉంది. దాహమైనప్పుడు బావి తవ్వడం అంటే అదే.

ఈ ఓటములకు కోచే కారణమేమోనన్న మీ అనుమానం నాకు న్యాయంగా తోచలేదు. థామస్ డెన్నర్‌బీ 2011 ప్రపంచకప్‌లో స్వీడన్ సీనియర్ మహిళల జట్టును మూడో స్థానంలో నిలిపినవాడు, నైజీరియాకు 2018లో ఆఫ్రికా టైటిల్ అందించినవాడు. ఆయన ఎంచుకున్న వ్యూహంలో నాకు నచ్చనివి ఉన్నాయి. ముఖ్యంగా అమెరికా మీద అంత వెడల్పుగా నిలబడి ఆడించడం నాకు ఇప్పటికీ అర్థం కాదు. అయితే ఆయనకు దక్కిన కాలం ఎలాంటిదో చూడండి. ఈ పోటీ మొదట 2020 నవంబరులో జరగవలసింది. కోవిడ్ కారణంగా 2021 ఫిబ్రవరికి జరిపారు, తరువాత రద్దు చేసి, ఆతిథ్యాన్ని 2022కు మన దేశానికే ఇచ్చారు. 2022 పోటీకి 2005 జనవరి 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారే అర్హులు. కాబట్టి 2020 కోసం తయారు చేసుకున్న అమ్మాయిలలో చాలామంది ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే వయసు దాటిపోయారు, కొత్త జట్టును మళ్లీ మొదటి నుంచి కట్టుకోవలసి వచ్చింది. ఆ మధ్యలో లాక్‌డౌన్‌లు. అది చాలదన్నట్టు, 2022 ఆగస్టు మధ్యలో పరిపాలనలో బయటివారి జోక్యం ఉందంటూ ఫిఫా మన ఫుట్‌బాల్ సమాఖ్యను సస్పెండ్ చేసింది. పోటీ మన చేజారుతుందో లేదో తెలియని స్థితిలో పదకొండు రోజులు గడిచాక, ఆగస్టు 26న ఆ సస్పెన్షన్ ఎత్తివేశారు. వయసు జట్లలో ఇదే అన్నిటికన్నా క్రూరమైన విషయం: సీనియర్ క్రీడాకారిణికి ఒక ఏడాది పోతే ఇంకొక ఏడాది వస్తుంది, అండర్-17 అమ్మాయికి పోయిన ఏడాది మళ్లీ రాదు.

ఆతిథ్య దేశాలు ఇలా దెబ్బతినడం మనతోనే మొదలు కాలేదు. 2016లో ఆతిథ్యమిచ్చిన జోర్డాన్ కూడా మూడు మ్యాచ్‌లూ ఓడిపోయింది. దానికి భిన్నంగా, 2008లో మొట్టమొదటి అండర్-17 ప్రపంచకప్ నిర్వహించిన న్యూజిలాండ్, పదేళ్ల తరువాత 2018లో ఉరుగ్వేలో కెనడాను ఓడించి మూడో స్థానం తెచ్చుకుంది. ఆ పదేళ్లలో వాళ్లు ప్రతిసారీ అర్హత సాధించి, ప్రతిసారీ ఆడారు. ఆతిథ్యం తలుపు తెరుస్తుంది గానీ, గడప దాటాక నడవాల్సింది ఎవరి కాళ్లతో వాళ్లే.

వయసు జట్ల ఫలితాలను సీనియర్ జట్టుకు జాతకంలా చదవకూడదని కూడా ఇక్కడే చెప్పాలి. ఉత్తర కొరియా ఈ టైటిల్‌ను 2008, 2016, 2024, 2025 సంవత్సరాలలో గెలిచింది. ప్యాంగ్యాంగ్‌లో 2013లో మొదలైన అంతర్జాతీయ ఫుట్‌బాల్ పాఠశాల లాంటి చోట్ల చిన్న వయసు నుంచే పిల్లలను ఒక్కచోట పెట్టి తయారు చేస్తారు. అయినా వాళ్ల సీనియర్ జట్టు 2011 తరువాత 2023 దాకా ఒక్క ప్రపంచకప్‌లోనూ కనబడలేదు. స్పెయిన్ దారి వేరు. 2014లో జపాన్ చేతిలో 0-2తో ఫైనల్ ఓడిన స్పెయిన్ అండర్-17 జట్టులో ఐతానా బోన్మతీ ఉంది. ఆ తరువాత 2018లో, 2022లో వాళ్ల అండర్-17 జట్లు ప్రపంచకప్ గెలిచాయి, 2023లో సీనియర్ జట్టు కూడా గెలిచింది. అదే ఏడాది నుంచి వరుసగా మూడుసార్లు, ఏటా ప్రపంచ ఉత్తమ ఫుట్‌బాలర్‌కు ఇచ్చే బాలన్ డి'ఓర్ అందుకున్నది, 2014లో ఓడిన ఆ అమ్మాయే. పదహారేళ్లకు ఫైనల్ ఓడిపోయినవారికి తిరిగి వెళ్లడానికి ఒక క్లబ్, ఒక లీగ్, వచ్చే ఆదివారం ఒక మ్యాచ్ ఉండటమే స్పెయిన్ రహస్యం. మన 2022 జట్టుకు కెప్టెన్‌గా ఉన్న జార్ఖండ్ అమ్మాయి అస్తం ఒరావ్, ఆమె సహచరులు అక్టోబరు 17 రాత్రి మైదానం వదిలి వెళ్లినప్పుడు, వాళ్లలో ఎంతమందికి మరుసటి నెల లీగ్ మ్యాచ్ ఉందని అడిగితే సమాధానం చెప్పడం కష్టం.

మన అమ్మాయిల శరీరాలు ఈ ఆటకు చాలవేమోనని మీరు రాసిన వాక్యానికి క్లుప్తంగా జవాబిస్తాను. ఎత్తు, బరువు తేడాలు ఉన్న మాట నిజమే, కానీ జపాన్ అమ్మాయిలు ఏ పోటీలోనూ అందరికన్నా పొడవైనవారు కారు. నన్ను బాధించేది మరొకటి: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిలలో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. జాతీయ శిబిరానికి చేరిన పిల్లకు దాన్ని సరిచేస్తారు, సరే. ఆ శిబిరానికి చేరకముందే, మూడో మ్యాచ్‌లో కాళ్లు లాగేసి, "ఈ అమ్మాయికి దమ్ము లేదు" అన్న మాట పడి ఆగిపోయిన పిల్లలు ఎందరో ఎవరు లెక్కపెట్టారు? ఎదిగే వయసు అమ్మాయిలకు మోకాలి లిగమెంట్ గాయాల ముప్పు అబ్బాయిలకన్నా ఎక్కువన్న సంగతి కూడా తెలిసిందే. ఇరవై నిమిషాల సరైన వార్మప్ దాన్ని గణనీయంగా తగ్గిస్తుంది. జిల్లా పోటీలలో నేను చూసిన జట్లలో సగానికి పైగా మైదానం చుట్టూ రెండు చుట్లు పరుగెత్తి దాన్నే వార్మప్ అనుకుంటాయి.

ఇక రెండో ముక్క. 2025 అక్టోబరులో కిర్గిజ్‌స్థాన్ రాజధాని బిష్కెక్‌లో జరిగిన అర్హత గ్రూపులో మూడే జట్లు: మనం, కిర్గిజ్‌స్థాన్, ఉజ్బెకిస్థాన్. గ్రూపులో మొదటి స్థానం వచ్చినవారికే 2026లో చైనాలో జరిగే అండర్-17 ఆసియా కప్‌లో చోటు. మన అమ్మాయిలు కిర్గిజ్‌స్థాన్‌ను 2-1తో ఓడించారు. ఉజ్బెకిస్థాన్ అదే ప్రత్యర్థిని ఇంకా ఎక్కువ తేడాతో ఓడించింది కాబట్టి, అక్టోబరు 17న జరిగిన ఆఖరి మ్యాచ్‌లో డ్రా అయితే వాళ్లకు సరిపోయేది, మనకు సరిపోదు. విరామానికి 0-1తో వెనకబడి ఉన్నాం. మొదటి అర్ధభాగం పూర్తి కాకముందే కోచ్ యోకిమ్ అలెగ్జాండర్సన్ తాండామణి బాస్కేను దించాడు. రెండో అర్ధభాగంలో ఆమె ఒక గోల్ చేసి, అనుష్క కుమారి చేత మరొకటి చేయించింది. 2-1. అండర్-17 స్థాయిలో అర్హత పోటీ ఆడి గెలిచి ఆసియా కప్‌కు వెళ్లడం మనకు అదే మొదటిసారి. అంతకుముందు 2005లో ఆడినప్పుడు అసలు అర్హత పోటీలే లేవు.

ఈ స్కోరు పక్కన మొరాకో మ్యాచ్ స్కోరు పెట్టి చూడండి. అక్కడ విరామానికి సమానంగా ఉండి, వెనకబడగానే చెదిరిపోయాం. ఇక్కడ విరామానికే వెనకబడి, చెదరకుండా తిరిగి వచ్చాం. ఉజ్బెకిస్థాన్ మొరాకో కాదు, ఆ మాట నేనే ముందు చెబుతాను. అయినా వెనకబడిన స్థితిలో ఏం చేయాలో ఈ జట్టుకు తెలిసి ఉండటం యాదృచ్ఛికం కాదు. బిష్కెక్‌కు రెండు నెలల ముందు ఆగస్టులో, భూటాన్ రాజధాని థింపూలో దక్షిణాసియా దేశాల శాఫ్ అండర్-17 పోటీ జరిగింది. నాలుగు జట్లు, ఒక్కొక్క జట్టుతో రెండేసి సార్లు, అంటే తక్కువ రోజులలో ఆరు మ్యాచ్‌లు. ఆ పోటీ మనమే గెలిచాం. అయితే గెలుపు కన్నా ఆ రెండేసి సార్లు ఆడటమే విలువైనదని నా ఉద్దేశం, ఎందుకంటే మొదటిసారి ఓడిన జట్టు రెండోసారి ఏదో ఒకటి మార్చుకుని వస్తుంది, దానికి మనం జవాబు వెతుక్కోవాలి. ఏడాది శిబిరంలో దొరకనిది అదే. దేశంలో కూడా ఖేలో ఇండియా కింద 13, 15, 17 ఏళ్లలోపు అమ్మాయిలకు అస్మిత లీగ్‌లు మొదలయ్యాయి. ఇవి ఇంకా పొట్టివే, చాలా రాష్ట్రాలలో కొన్ని వారాలకే ముగుస్తున్నాయి, కానీ ఎంపిక నుంచి పోటీ వైపు వేసిన అడుగులు.

2025లో మిగతా జట్ల ఫలితాలు కూడా ఈ దారిలోనే ఉన్నాయి. జులైలో సీనియర్ మహిళలు థాయిలాండ్‌ను వాళ్ల గడ్డమీదే 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించారు. ఆగస్టులో అండర్-20 అమ్మాయిలు మయన్మార్‌ను వాళ్ల దేశంలోనే 1-0తో ఓడించి రెండు దశాబ్దాల తరువాత ఆసియా పోటీకి చేరారు. మూడు జట్లు, మూడూ అర్హత మ్యాచ్‌లు ఆడి గెలిచినవే. తెలుగువారికి సంతోషం కలిగించే పేరు ఒకటి ఇక్కడ చెప్పాలి: నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య, 2024-25కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఎంపికైంది. ఆమె పరుగు పందాల నుంచి ఫుట్‌బాల్‌లోకి వచ్చిన అమ్మాయి. మన దగ్గర వేగానికి కొరత లేదని, ఆ వేగాన్ని ఆటగా మార్చే మ్యాచ్‌లకే కొరత ఉందని నేను అనడానికి ఆమె దారి ఒక ఆధారం.

ఇక చైనాలో ఏమవుతుంది? జపాన్, ఉత్తర కొరియా లాంటి జట్లు ఎదురైతే పెద్ద తేడాతో ఓడిపోయే అవకాశం ఇప్పటికీ ఉంది. తొమ్మిదో ఏట నుంచి పడవలసిన పునాది మూడేళ్లలో పడదు. ఆ రోజు స్కోరు చూసి మళ్లీ కోచ్‌ను మార్చమనడానికి ముందు, వీలైతే మ్యాచ్ రికార్డింగ్ పెట్టుకుని అరవయ్యో నిమిషం నుంచి డెబ్బై ఐదో నిమిషం దాకా మన మిడ్‌ఫీల్డ్ అమ్మాయిలను మాత్రమే చూడండి. బంతి తమ వైపు వస్తున్నప్పుడు ఎన్నిసార్లు తల తిప్పి వెనక్కి చూశారో లెక్కపెట్టండి. 2022 అమెరికా మ్యాచ్‌లోనూ అదే పదిహేను నిమిషాలు తీసి, అక్కడ వచ్చిన అంకెను దీని పక్కన రాసుకోండి.